వైద్య వీలునామా ఎందుకు రాసుకోము?

కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు వెంటిలేటర్ వంటి ప్రాణాధార చికిత్స వద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును, అంటే లివింగ్ విల్‌ను, సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గుర్తించింది. అయితే ఆ పత్రంపై జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ సంతకం కూడా ఉండాలన్న నిబంధన వల్ల, ఆ హక్కు చాలాకాలం తీర్పు పుటల్లోనే ఉండిపోయిందని నా అభిప్రాయం. 2023 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనం దానిని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. చికిత్స ఆపే ముందు మాత్రం ముగ్గురేసి వైద్యులుండే రెండు బోర్డులు అంగీకరించాలి.

మన ఇళ్లలో ఈ ప్రస్తావన తెస్తే చాలు, ‘శుభమా అని కూర్చుంటే అవేం మాటలు’ అని పెద్దలు మాట తుంచేస్తారు. ఆస్తి వీలునామాకు రాని అపశకునం దీనికెందుకు వస్తుందో నాకు అర్థం కాదు. తండ్రికి వైద్యం ఆపించాడని బంధువులు అంటారేమోనన్న భయంతో, అమెరికా నుంచి దిగిన కొడుకు ‘ఖర్చు ఎంతైనా సరే, చేయండి’ అంటాడు. ఆ తండ్రి ఏం కోరుకునేవాడో ఎవరూ అడగరు. అందుకే, తన తరఫున నిర్ణయం చెప్పవలసిన వ్యక్తి పేరు పత్రంలో రాయడంతో పాటు, ఎదురుచెప్పగల వ్యక్తిని కూడా కూర్చోబెట్టి మాట్లాడి, ఒక ప్రతిని కుటుంబ వైద్యుడికి ఇవ్వడం మంచిదని భావిస్తున్నాను. మనసు మారితే ఆ పత్రాన్ని రాతపూర్వకంగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.