లోపలికి తీసుకెళ్లడం సరే, దింపేదెవరు?

పొద్దున్నే జూనియర్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో. నల్లటి తెర మీద ఆకుపచ్చ మరకలు, ఒక్కోదాని నడుమ ఇంకాస్త వెలుగుతున్న గుండ్రం. కింద "అక్కా, న్యూక్లియస్‌లోకి వెళ్లింది!!!" అని రాశాడు. మూడు ఆశ్చర్యార్థకాలు. రాత్రంతా కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గరే కూర్చున్నట్టున్నాడు.

నాగోల్ మొదటి స్టేషన్ కాబట్టి మెట్రోలో సీటు దొరికింది. హబ్సిగూడ దాకా నాలుగు స్టేషన్లే. ఆ నాలుగు స్టేషన్లూ ఫొటోని పెద్దది చేసి చూస్తూ, ఏం జవాబివ్వాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. చివరికి "వచ్చి మాట్లాడతా" అని మాత్రం పంపాను. పొద్దున్నే వాడి సంతోషం చెడగొట్టడం ఎందుకు.

సంగతేంటంటే, వాడు తన ప్రోటీన్‌లోంచి ఓ 30 అమైనో ఆమ్లాల ముక్క తీసి, ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌కి అతికించి, ల్యాబుల్లో పెంచే హీలా అనే మనిషి కణాల్లోకి పంపాడు. న్యూక్లియస్‌లోకి, అంటే కణం కేంద్రకంలోకి వెళ్లేందుకు కావలసిన గుర్తు ఆ ముక్కలోనే ఉందని వాడి అనుమానం. అనుమానం సరైనదే కావచ్చు. కానీ జీఎఫ్‌పీ బరువు 27 కిలోడాల్టన్లు. కేంద్రకం పొరలో ఉన్న రంధ్రాలు సుమారు 40 లోపు బరువున్న వాటిని పెద్దగా పట్టించుకోవు, అవే మెల్లగా జారుకుంటూ లోపలికి పోతాయి. ఒట్టి జీఎఫ్‌పీ పెట్టినా కణమంతా వెలుగుతుంది, కేంద్రకం కాస్త ఎక్కువగానే వెలుగుతుంది. అంటే ఆ ఫొటో చూసి ఏమీ చెప్పలేం.

ఇదంతా నాకెలా తెలుసంటే, మొదటి ఏడాది నేనూ అచ్చం ఇలాంటి ఫొటోనే ల్యాబ్ మీటింగ్‌లో గొప్పగా చూపించాను. వెనక వరసలోంచి ఎవరో నెమ్మదిగా "ఒట్టి జీఎఫ్‌పీ కంట్రోల్ ఏదమ్మా?" అన్నారు. ఆ రోజు నేను లంచ్‌కి వెళ్లలేదు.

పదకొండింటికి క్యాంటీన్‌లో టీ తాగుతూ మెల్లగా చెప్పాను. మొహం వాడిపోయింది గానీ ఒప్పుకున్నాడు. ఒట్టి జీఎఫ్‌పీ పెట్టిన ప్లేట్ కూడా ఉందట, చూడలేదట. చూడాలి కదరా! తర్వాత ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచి, అది మెత్తబడి కప్పులో పడిపోయేంతసేపు ఆలోచించి, ఓ ప్రశ్న వేశాడు.

"అక్కా, ఇంపోర్టిన్ సరుకుని లోపలికి తీసుకెళ్తది, ఓకే. మరి అదే రంధ్రంలోంచి మళ్లీ బయటికి ఎందుకు తీసుకురాదు?"

మంచి ప్రశ్న. ఇంపోర్టిన్ అంటే సరుకు ప్రోటీన్లని కేంద్రకంలోకి మోసుకెళ్లే ప్రోటీన్. రంధ్రం దగ్గర కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చు చేసి నెట్టేస్తారేమోనని నేనూ చాలాకాలం అనుకున్నాను. అలా కాదు. రంధ్రానికి ఇటు, అటు అన్న తేడా తెలియదు.

టిష్యూ మీద బొమ్మ గీశాను. సరుకు మీద గుర్తు ఉంటుంది. అందరికీ తెలిసింది ఎస్వీ40 అనే వైరస్ ప్రోటీన్‌ది, 1984లో బయటపడింది, ఏడే అమైనో ఆమ్లాలు: ప్రోలిన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలిన్. మూడు లైసిన్లలో నడిమిదాన్ని థ్రియోనిన్‌గా మారిస్తే చాలు, అంత పెద్ద ప్రోటీనూ బయటే ఉండిపోతుంది. ఈ గుర్తుని పట్టుకునేది ఇంపోర్టిన్ ఆల్ఫా. ఆల్ఫాని పట్టుకునేది బీటా. రంధ్రం నిండా దారపు పోగుల్లాంటి ప్రోటీన్లు చిక్కులుపడి ఉంటాయి, గడ్డకట్టిన సేమ్యా పాయసంలాగా. పెద్దవేవీ అందులో దూరలేవు. బీటా మాత్రం ఆ పోగులకి అంటుకుంటూ, విడిపోతూ అవతలికి చేరుతుంది. కావాలంటే ఇవతలికీ రాగలదు.

కథంతా అవతలికి చేరాకే. రాన్ అని ఓ చిన్న ప్రోటీన్ ఉంది. ఏటీపీ లాంటిదే జీటీపీ, అది విరిగితే మిగిలేది జీడీపీ. రాన్ జీటీపీ పట్టుకుని ఉంటే ఒక రకం, జీడీపీ పట్టుకుని ఉంటే ఇంకో రకం. జీడీపీ తీసేసి జీటీపీ చేతికిచ్చే ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్, డీఎన్ఏ ఉండే క్రొమాటిన్‌ని అంటిపెట్టుకుని లోపలే ఉంటుంది. జీటీపీని విరగ్గొట్టించే రాన్‌గ్యాప్ అనే ఇంకో ప్రోటీన్ బయట ఉంటుంది. అందుకని లోపలంతా రాన్-జీటీపీ, బయటంతా రాన్-జీడీపీ. బీటా లోపలికి రాగానే రాన్-జీటీపీ వచ్చి దాన్ని పట్టుకుంటుంది, చేతిలోని సరుకు జారిపోతుంది. బీటా ఆ రాన్‌ని మోసుకుని ఖాళీగా బయటికి వస్తుంది. అక్కడ జీటీపీ విరుగుతుంది, బీటాకి విడుదల.

"అంటే ఛార్జీ ఎక్కేటప్పుడు కాదు, ఆటో ఖాళీగా స్టాండుకి తిరిగొచ్చాక కట్టాలా?" అన్నాడు.

నేను నవ్వాను. ఈ పోలిక ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఏమీ జరగలేదు. రెండు జెల్స్ వేశాను, ఒకటి చిరిగింది. ఆరింటికి బయటికి వెళ్లి, బాక్స్ మర్చిపోయి మళ్లీ లోపలికి వెళ్లబోతే, ఐదేళ్లుగా నన్ను చూస్తున్న సెక్యూరిటీ అన్న మళ్లీ కార్డు అడిగాడు. విసుక్కోబోయి ఆగాను. జూనియర్‌కి చెప్పడం మర్చిపోయిన ముక్క గుర్తొచ్చింది. మైటోకాండ్రియాలోకి వెళ్లే చాలా ప్రోటీన్ల గుర్తుని లోపలికి వెళ్లాక కత్తిరించేస్తారు. కేంద్రకం గుర్తుని మాత్రం కత్తిరించరు. మన కణాల్లో కణ విభజనప్పుడు కేంద్రకం పొరే చెదిరిపోయి, లోపలివన్నీ బయట కలిసిపోతాయి. మళ్లీ పొర కట్టుకున్నాక అవన్నీ గుర్తు చూపించి మళ్లీ లోపలికి రావాలి. హీలా కణాలకైతే దాదాపు రోజుకోసారి ఈ తతంగం. కార్డు చూపించి, బాక్స్ తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మందుల డబ్బా మంచం మీద బోర్లించింది. బిస్కెట్ల రేకుడబ్బా అది. "ఎక్స్‌పైరీలు చూసి పెట్టవే, నాకు కనిపిస్తలేవు" అంది. క్రోసిన్లు, విరిగిన థర్మామీటర్, వాటి అడుగున ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు స్ట్రిప్. కోవిడ్‌కని 2021 ఏప్రిల్లో మూడు మెడికల్ షాపులు తిరిగి కొన్నది. రెండు మాత్రలు వాడాం.

దీనికీ నా పనికీ చుట్టరికం ఉందని అమ్మకి అప్పుడు చెప్పలేదు. చెప్పే పరిస్థితీ కాదు. ఐవర్‌మెక్టిన్ ఇంపోర్టిన్ ఆల్ఫాని అడ్డుకుంటుందని ల్యాబుల్లో అంతకుముందే తెలుసు. 2020లో ఆస్ట్రేలియాలో డిష్‌లోని కణాల మీద కోవిడ్ వైరస్‌పై ప్రయత్నిస్తే పనిచేసింది. కానీ ఆ డిష్‌లో వాడినంత గాఢత మామూలు డోసుతో మనిషి రక్తంలోకి రాదు. పెద్ద ట్రయల్స్‌లో ఉపయోగం కనబడలేదు, 2021 సెప్టెంబరులో మన మార్గదర్శకాల్లోంచీ తీసేశారు. డిష్‌లో వెలిగిందాన్ని చూసి సంబరపడటం పొద్దున్న ఫొటోతో మొదలైంది కాదు మరి.

"అంటే ఇది మీ గేటు మూసే మందా?" అంది అమ్మ.

"గేటు కాదమ్మా. లోపలికి తీసుకెళ్లే వాడి చెయ్యి పట్టుకునేది."

"పురుగులకైనా పనికొస్తది గదా, ఉండనీ" అని స్ట్రిప్ లాక్కుంది. డేటు దాటిపోయిందని చూపించాక గానీ వదల్లేదు.

పదింటికి మళ్లీ వాట్సాప్. "అక్కా, ఒట్టి జీఎఫ్‌పీ ప్లేట్ చూశా. సేమ్ ఉంది." ఈసారి ఒక్క ఆశ్చర్యార్థకమూ లేదు. మైనస్ ఇరవై ఫ్రీజర్‌లో నా డబ్బా, రెండో వరస, మూడు జీఎఫ్‌పీలు వరసగా కలిపిన ప్లాస్మిడ్ (కణాల్లోకి పంపే డీఎన్ఏ) ఉంది, ప్రోటీన్ 81 కిలోడాల్టన్లు వస్తుంది, దానంతటది రంధ్రంలోంచి జారిపోలేదు, రేపు దాంట్లో పెట్టి చూడు అని టైప్ చేసి పంపాను. ట్యూబ్ మీద పేరు చెరిగిపోయింది, మూత నీలం రంగు అని ఇంకో మెసేజ్ పెట్టాను.