ఎవరు నేర్పారు నీకు ఇది?

గత మంగళవారం ఉదయం మా షెడ్డులో అందరి ముందూ తిట్లు తిన్నాను. బానెట్ ఎత్తి ఉంది, ఇంజిన్ నడుస్తోంది, నా చేతిలో 17 పానా ఉంది. దాన్ని సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పైపు నట్టుకి తగిలించానో లేదో, అవతలి బే నుంచి మా ఫోర్‌మన్ పెట్టిన కేక వినపడింది. తలెత్తి చూసేలోపే వచ్చి నా మణికట్టు పట్టుకుని పక్కకి లాగేశాడు. డోర్ తీసి, తాళం తిప్పి, ఇంజిన్ ఆపేశాడు. టైర్లు మారుస్తున్న కుర్రాళ్లిద్దరూ పని ఆపి మావైపే చూస్తున్నారు. అప్పుడు అడిగాడు: "ఎవరు నేర్పారు నీకు ఇది?"

నేను జవాబు చెప్పలేదు. చెప్తే మా మేస్త్రీ గారి పేరు చెప్పాలి.

నేనుండేది పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ అనే బంగారు గనుల ఊళ్లో. పెర్త్ నుంచి తూర్పుగా 600 కిలోమీటర్లు. ఊరిని ఆనుకునే సూపర్ పిట్ అనే గని ఉంది, దాని పొడవు 3.5 కిలోమీటర్లు. మనం పికప్ అనే బండిని ఇక్కడ యూట్ అంటారు. ఏ ఇంటి ముందు చూసినా ఒక యూట్ ఉంటుంది, దాన్ని కంపెనీ ఇచ్చినట్టు ఉంచుకునేవాడు తక్కువ. పెద్ద ట్యాంకు, అదనపు ఫిల్టర్, ఎత్తు పెంచిన సస్పెన్షన్, పవర్ కోసం ట్యూనింగ్. ఊరు దాటితే కొన్ని దారుల్లో పెట్రోల్ బంకుకీ బంకుకీ మధ్య వందల కిలోమీటర్లుంటాయి, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి అవన్నీ సోకుల కోసమని నేను అనను. మండే ఎండలో బండి ఆగిపోతే మనిషి ప్రాణం మీదికొస్తుంది.

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే వస్తాను, ఎందుకంటే నేను వారం నుంచి అక్కడే ఉన్నాను.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. పదో తరగతి తర్వాత చేరాను. మా మేస్త్రీ గారు డీజిల్ పనిలో పేరున్న మనిషి. ఇంజిన్ ఒక సిలిండర్ మీద మిస్ కొడుతుంటే, అది నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసేవారు. మంచి సిలిండర్ నట్టు వదిలితే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. పాడైన సిలిండర్‌ది వదిలితే శబ్దంలో ఏ తేడా రాదు. అంతే, దొంగ దొరికినట్టే. "మొహం పక్కకి పెట్టు, చెవి ఇటు పెట్టు" అనేవారు నాతో. అది మొండి పద్ధతి కాదు, తెలివైన పద్ధతి. అప్పటి లారీల్లో ఉన్నది లైను పంపు, అంటే ఒక్కో సిలిండర్‌కి విడిగా డీజిల్ పంపే పాత రకం పంపు. ఇంజెక్టర్ మూతి, అంటే నాజిల్, తెరుచుకునే ప్రెజర్ 200 బార్ చుట్టుపక్కల ఉండేది. నట్టు వదిలితే డీజిల్ బుడబుడమని కారేది, అంతకు మించి ఏమీ కావడం నేను చూడలేదు. స్కానర్ లేని రోజుల్లో, బేరం మాట్లాడుకుంటూ నిలబడ్డ లారీ ఓనరు ముందు, ఐదు నిమిషాల్లో జబ్బు పట్టుకున్న మనిషి ఆయన. ఆయన్ని పట్టుకుని "ఎవరు నేర్పారు" అంటే నాకు కడుపు రగిలింది.

కానీ నేను పానా పెట్టింది కామన్ రైల్ ఇంజిన్ మీద. అందులో పంపు డీజిల్‌ని రైల్ అనే గొట్టంలో నొక్కి నిల్వ పెడుతుంది. ఈ బండిలో అది లోడు మీద 1,600 బార్ దాకా వెళ్తుంది. కారు టైర్లో ఉండే గాలి రెండున్నర బార్ లోపే అని గుర్తు చేసుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది. అక్కడ నట్టు వదిలితే డీజిల్ కారదు, సూదిలా దూసుకొస్తుంది. గ్లవ్స్ ఆపలేవు, చర్మం ఆపలేదు. పైకి కనపడేది ఒక చిన్న చుక్క, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం కండలో డీజిల్ పాకిపోతుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో, చెయ్యో తీసేయాల్సిన పరిస్థితి. ఇవన్నీ నాకు తెలియనివి కావు. మెకానిక్ లైసెన్సు పరీక్షలో రాసి పాసయ్యాను. ఆ రోజు ఇంజిన్ ఐడిల్‌లో కుంటుతుంటే, ఏ సిలిండరో చూద్దామని, పదిహేనేళ్ల కిందటి చెయ్యి దానంతటదే వెళ్లింది.

బండి సంగతి చెప్పాలి. నాలుగు సిలిండర్ల 3 లీటర్ల హైలక్స్. గనిలో డ్రిల్లింగ్ చేసే అబ్బాయిది. వారానికోసారి లియోనోరా దాకా, 230 కిలోమీటర్ల పైనే, ట్రైలర్ లాక్కుంటూ వెళ్తాడు. కొన్నాళ్లుగా పొద్దున్నే స్టార్ట్ కావడానికి చాలాసేపు తిప్పాల్సి వస్తోంది. ఊళ్లో బాగానే నడుస్తుంది. హైవే మీద లోడుతో వంద దాటితే దగ్గినట్టు దగ్గి, పవర్ పడిపోయి, లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే ఇంజిన్ దెబ్బతినకుండా కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. స్కానర్ పెడితే పి0087, అంటే రైల్ ప్రెజర్ చాలడం లేదని. అంతకుముందు చూసినవాళ్లు పంపు మీదుండే కంట్రోల్ వాల్వ్ మార్చారు. మళ్లీ మార్చారు. జబ్బు మాత్రం అలాగే ఉంది. ఆ అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు, అప్పుడు నేను సరిగ్గా పట్టించుకోలేదు: "ట్యాంకు ఫుల్‌గా ఉన్నప్పుడు ఈ గొడవ రాదు."

కేక పెట్టిన తర్వాత పావుగంటకి ఫోర్‌మన్ ఏమీ జరగనట్టు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. స్కానర్‌లో నాలుగు సిలిండర్ల సవరణ అంకెలు, అంటే ఒక్కో సిలిండర్‌కి కంప్యూటర్ డీజిల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో, తీసి చూపించాడు. నాలుగూ హద్దులోనే ఉన్నాయి, ఇంజెక్టర్లు బాగున్నాయి. నట్టు ముట్టుకోకుండానే నాకు కావలసిన జవాబు అక్కడుంది. తర్వాత టెస్ట్ డ్రైవ్‌లో చూశాం. కంప్యూటర్ 1,300 బార్ అడుగుతోంది, రైల్ 900 దగ్గరే ఈడుస్తోంది. పంపు అరిగిందా, లేక పంపుకి డీజిల్ సరిగ్గా అందడం లేదా? ఈ రెండింటికీ తేడా తెలుసుకోకుండా కొత్త పంపు వేయిస్తే కస్టమర్‌కి వేల డాలర్ల ఖర్చు. ఫోర్‌మన్ ఇలాంటి చోట ఒక్క మాట కూడా ఊహ మీద అననివ్వడు. "కొలిచావా?" అంటాడు. పంపుకి ముందు, పీల్చే లాగుడు కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెట్టించాడు. లాగుడు మరీ ఎక్కువేమీ లేదు, అంటే దారిలో అడ్డం లేదు. అదే చోట అడుగు పొడవు పారదర్శకమైన పైపు పెట్టాం. దాంట్లో డీజిల్‌తో పాటు బుడగలు వస్తున్నాయి. ఆవాల్లాంటివి, ఆగకుండా.

గాలి పట్టింది. మన షెడ్డుల్లో చిన్న పిల్లాడికి కూడా తెలిసిన మాట.

ఈ బండిలో ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా డీజిల్‌ని తోసే పంపు లేదు. ముందున్న పంపే వెనక ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. పీల్చే పైపుకి ఒక గుణముంది. ఎక్కడైనా సందుంటే డీజిల్ చుక్క బయటికి రాదు, గాలే లోపలికి దూరుతుంది. తోసే పైపు వేరు. ఈ ఊరికి మంచినీళ్లు పెర్త్ దగ్గర మండేరింగ్ డ్యామ్ నుంచి 500 కిలోమీటర్లకు పైగా పైపులో వస్తాయి. 1903లో కట్టిన లైను. దారిలో ఎనిమిది చోట్ల పంపుహౌసులు పెట్టి ముందుకి తోశారు. తోసే లైను పగిలితే నీళ్లు చిమ్ముతాయి, ఎక్కడో కనపడుతుంది. పీల్చే లైను అలా కాదు, బయటికి అంతా పొడిగా ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్ మట్టం పైకి ఉంటుంది, పీల్చే కష్టం తక్కువ. సగానికి దిగితే లాగుడు పెరుగుతుంది. ట్యూనింగ్ చేశాక ఇంజిన్ అడిగే డీజిల్ ఎక్కువ, దానివల్ల ఇంకా పెరుగుతుంది. సందులోంచి గాలి అప్పుడు వస్తుంది. ఆ అబ్బాయి మొదటి రోజే చెప్పాడు కదా అని అప్పుడు తట్టింది.

జాయింట్లు లెక్కేస్తే పదకొండు. ఫోర్‌మన్ ట్యాంకు వైపు నుంచి ఒక్కొక్కటే గాలి పెట్టి చూద్దామన్నాడు. నేను అప్పుడు నోరు విప్పాను. "ఒక డబ్బా ఇస్తారా?" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, బానెట్ కిందనే వేలాడదీసి, ట్యాంకు లైను తీసేసి దాన్ని కంపెనీ ఫిల్టర్‌కి నేరుగా కలిపాను. స్టార్ట్ చేస్తే నిమిషంలో బుడగలు ఆగిపోయాయి. డబ్బా పైపు తీసి, ఈసారి అదనపు ఫిల్టర్‌కి ముందు కలిపాను. బుడగలు మళ్లీ వచ్చాయి. అంటే పదకొండు జాయింట్లలో నాలుగే మిగిలాయి, అరమీటరు పైపులో. ఇది కూడా మా మేస్త్రీ గారు నేర్పిందే. ట్యాంకు మీద అనుమానం వస్తే నూనె డబ్బా కడిగి తెమ్మనేవారు.

దొరికింది అదనపు ఫిల్టర్ లోపలికి వెళ్లే పైపు దగ్గర. ఫిల్టర్ మూతి 8 మిల్లీమీటర్లు, ఎవరో 10 మిల్లీమీటర్ల పైపు ఎక్కించి, స్క్రూ క్లిప్పు బిగించి సరిపెట్టారు. బిగించిన కొద్దీ రబ్బరు మడత పడింది. ఆ మడత కింద సన్నటి కాలువ ఏర్పడింది, వెంట్రుకంత. పైన ఇక్కడి ఎర్రమట్టి పొడిగా, పలుచగా పరుచుకుని ఉంది. లీకు ఉన్న చోట మట్టి తడిసి నల్లగా అంటుకుంటుందని మనం వెతుకుతాం. ఇక్కడ వేలితో తుడిస్తే పౌడర్‌లా రాలింది. నేను రెండుసార్లు దాని మీద చెయ్యి వేసి కూడా దాటిపోయాను.

ఫోర్‌మన్ వంగి చూసి, డబ్బా వైపు చూసి, "ఇది బాగుంది" అన్నాడు. ఇది ఎవరు నేర్పారని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నేనిదంతా రాసేవాణ్ణి కాదు.

సాయంత్రం ఒక ఫారం నింపాల్సి వచ్చింది. ప్రమాదం తృటిలో తప్పితే ఇక్కడ దాన్ని నియర్ మిస్ అంటారు, కాగితం మీద పెట్టాలి. మన దగ్గర తిట్టు గాల్లో కలిసిపోతుంది, టీ తాగితే అయిపోతుంది. ఇక్కడ అది ఫైల్లో ఉంటుంది. "కారణం" అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి "పాత ఇంజిన్ల మీద నేర్చుకున్న అలవాటు" అని రాశాను. రాసినప్పుడు మేస్త్రీ గారి మీద నేనే ఫిర్యాదు ఇస్తున్నట్టు అనిపించింది. కింద సూపర్‌వైజర్ గడిలో ఫోర్‌మన్ రాసింది చదివాను: ఇతను చేరినప్పుడు ఎలాంటి ఇంజిన్ల మీద పని నేర్చుకున్నాడో నేను అడగలేదు, అది నా తప్పు. అది చదివితే కోపం చల్లారాలి. చల్లారలేదు. తప్పు ఫోర్‌మన్ తన నెత్తిన వేసుకున్నాక నా కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

రాత్రి ఎనిమిదికి మేస్త్రీ గారికి ఫోన్ చేశాను. అక్కడ ఐదున్నర, షెడ్డులోనే ఉన్నారు. అంతా చెప్పాను. ప్రెజర్ అంకె చెప్పగానే ఆపారు.

"ఎంతన్నావు? పదహారు వందలా?"

"అవును గురువు గారూ."

"నడుస్తుండగా పానా పెట్టావా?" కాసేపు మాట్లాడలేదు. "తిట్టి వదిలేశాడా? నేనైతే వీపు పగలగొట్టేవాణ్ణిరా."

"మీరు నేర్పిందే కదండీ" అన్నాను. గొంతు పట్టేసింది నాకు.

"నేను నేర్పింది లైను పంపుకి. ఇంజిన్ మారితే చెయ్యి మారొద్దా?" అని, వెంటనే పనిలోకి వచ్చేశారు. "పైపు చివర కోసి మళ్లీ అదే ఎక్కించావా?"

"లేదండీ, పైపు మొత్తం మార్చాను, 8 మిల్లీమీటర్లదే. స్క్రూ క్లిప్పు తీసేసి మంచి క్లిప్పు వేశాను."

"ట్యాంకు అడుక్కి దిగేదాకా తోలి చూశావా?"

చూడలేదు. సగం ట్యాంకుతో, లోడుతో చూసి ఇచ్చేశాం. 1,300 అడిగితే 1,300 వస్తోందని సంతోషపడ్డాం. పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఈసారి దారిలో నింపుకోకుండా పావుకి దిగేదాకా తోలి చూడమని, మధ్యలో ఏ తేడా వచ్చినా వెనక్కి తిరగమని చెప్పాను.

శనివారం ఫొటో పంపాడు. ముల్లు పావు కింద ఉంది, ఎక్కడా దగ్గలేదట. అద్దంలోంచి లియోనోరా రోడ్డు, రెండు పక్కలా ఎర్రటి నేల. దాన్ని అలాగే మేస్త్రీ గారికి పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "ముల్లు చూశాన్లే. ఒరేయ్, ఆ ఎర్రగా కనపడేదంతా మట్టేనా?"