మోటారు బిగించిన సైకిలు: చక్రాల బేరింగుల సంరక్షణ

మోటారు బిగించిన సైకిలుపై తిరుపతి నుంచి చంద్రగిరికి తరచూ వెళ్లివచ్చే నేను ఇంజను కన్నా చక్రాల బేరింగులనే ఎక్కువ శ్రద్ధగా చూసుకుంటాను. తొక్కుడు వేగానికి రూపొందిన హబ్బు (చక్రం నడిమి భాగం) అదనపు బరువునూ, వేగాన్నీ, గొలుసు ఒకవైపే లాగే బలాన్నీ మోయవలసి రావడంతో అందులోని కోన్ (ఇరుసు మరపై తిరుగుతూ బేరింగు గోళీలను ఒత్తిపట్టే శంకువు ఆకారపు నట్టు) త్వరగా వదులవుతుంది.

కోన్‌ను ఊగు పోయేవరకు వేళ్లతో బిగించి, కొద్దిగా వెనక్కి తిప్పి, పలుచని స్పానరుతో కదలకుండా పట్టుకొని, దాన్ని బయటి నుంచి బంధించి ఉంచే లాక్‌నట్టును గట్టిగా బిగించాలి. ఆ బిగింపులో కోన్ కూడా కొంత లోపలికి జరుగుతుంది కనుక, రిమ్మును పక్కలకు ఊపి మళ్లీ పరీక్షించడం తప్పనిసరి; ఇక్కడ తొందర ఎంతమాత్రం పనికిరాదు. చక్రం ఊగకూడదు, తిరిగేటప్పుడు గరగరలాడకూడదు.

కోన్ మీద గుంటలు పడితే ఎంత సర్దినా ఫలితం ఉండదు. గోళీలతో సహా మార్చి కొత్త గ్రీజు పెట్టాలి. వెనుక హబ్బులో సాధారణంగా ఒక్కో వైపు 1/4 అంగుళం గోళీలు 9 పడతాయి.

బరువైన ఇంజను ఉన్నవారికి నా సలహా సీలు బేరింగుల హబ్బు. 12 మి.మీ. ఇరుసుకు 6001 నంబరు బేరింగు సరిపోతుంది. దాని బయటి వ్యాసం 28 మి.మీ., వెడల్పు 8 మి.మీ. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న రకాన్నే అడిగి తీసుకోండి, మన వేసవి దుమ్ము లోపలికి చేరదు.