కోటి, కోటి, ఇరవై లక్షలు: బెజవాడ నుంచి పెదనందిపాడు దాకా

మార్చి నెలాఖరులో బెజవాడ రావడం తెలివైన పని కాదు. తొమ్మిదింటికే బందరు రోడ్డు మీద తారు మెత్తబడుతున్నట్టు ఉంటుంది. కానీ ఈ తిరుగుడికి తేదీ ముఖ్యం. 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది ఈ ఊళ్లోనే. నలుగురి చేత పని చేయించే బాధ్యత నెత్తిన ఉన్నవాళ్లు ఆ రెండు రోజుల్లో ఇక్కడ తేల్చిందేమిటో ఒకసారి చూడాలి.

జూన్ 30 లోపల మూడు పనులు అన్నారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కి కోటిమంది సభ్యులు, ఇళ్లల్లో ఇరవై లక్షల రాట్నాలు. అంతే. స్వరాజ్యం అన్న మాట ఎంత గొప్పదైనా, ఒక పల్లెలో ఉన్న కార్యకర్త రేపు పొద్దున లేచి 'స్వరాజ్యం' చెయ్యలేడు. రసీదు పుస్తకం పట్టుకుని నాలుగణాల చందా కట్టించగలడు. సాయంత్రానికి ఎన్ని రసీదులు తెగాయో ఎవరూ అడగకుండానే తనే లెక్కపెట్టుకోగలడు.

ఫలితం చూస్తే అసలు పాఠం అక్కడుంది. డబ్బు కోటి దాటింది. సభ్యులు మాత్రం సుమారు యాభై లక్షల దగ్గర ఆగారు. గడువొకటే, పిలుపొకటే, మరి ఈ తేడా ఎందుకు? డబ్బు బొంబాయి లాంటి చోట్ల కొద్దిమంది పెద్ద చేతులు కలిస్తే పోగవుతుంది. సభ్యత్వానికి గడప గడపకీ ఒక మనిషి వెళ్లాలి, ఎందుకు చేరాలో చెప్పాలి. చెప్పగలిగిన మనుషులు ఎన్ని ఊళ్లలో ఉన్నారో చూసుకోకుండా అంకె వేస్తే అది సగంలోనే నిలిచిపోతుంది. ఇవాళ ఆఫీసుల్లో వేసే టార్గెట్లకీ ఇదే జబ్బు.

బందరు రోడ్డు మీదే బాపు మ్యూజియం ఉంది. 1887లో పునాది వేసిన విక్టోరియా జూబిలీ భవనం. పింగళి వెంకయ్య గాంధీకి జెండా ఇచ్చింది ఇక్కడేనని ఊళ్లో చెప్తారు. రాతి గోడల వల్ల లోపల చల్లగా ఉంటుంది, కాసేపు కూర్చోవచ్చు. వెంకయ్య అంతకు ముందు ఏళ్ల తరబడి జెండాల నమూనాలు గీస్తూనే ఉన్నారు, 1916లో వాటితో పుస్తకం కూడా వేశారు. కదలిక వచ్చింది మాత్రం బెజవాడలో గాంధీ స్పష్టంగా అడిగినప్పుడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం కావాలన్నారు. రాట్నం ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్‌ది. మూడు గంటల్లో జెండా తయారై వచ్చింది. అప్పటికే కొంచెం ఆలస్యమై కమిటీ ముందు పెట్టడం కుదరలేదు. అలా ఆగడమే మంచిదైందని గాంధీయే తర్వాత రాశారు. ఎందుకంటే ఆ వ్యవధిలో, రెండు రంగుల్లో మిగతా మతాలవాళ్లకి చోటు లేదని తట్టింది, తెలుపు వచ్చి చేరింది. జెండా దేనికోసమో మనసులో గట్టిగా ఉంది కాబట్టే చేతికొచ్చిన దానిలో లోటు కనపడింది. అది లేనిచోట గడువుకి అందిందా లేదా అన్నదొక్కటే చూస్తారు.

గుంటూరు బస్సు వారధి మీదుగా పోతుంది, కుడిచేతి కిటికీ దగ్గర కూర్చుంటే ప్రకాశం బ్యారేజీ కనపడుతుంది. మంగళగిరి దాటాక చెప్పుకోవాల్సిందేమీ లేదు, లస్సీ తప్ప.

గుంటూరు మిర్చి యార్డుకి జేబురుమాలు లేకుండా వెళ్లకండి. మార్చిలో సీజను ముదిరి ఉంటుంది. గేటు దాటిన రెండో నిమిషంలో తుమ్ము, మూడో నిమిషంలో కళ్లు. ఇక్కడ చూడాల్సింది కాయని కాదు, ముఠాని. పదీ పన్నెండు మంది హమాలీలు, వాళ్లకో మేస్త్రి. కాటా అయిన టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, చీటీ కట్టి, లారీకి పలక వేసి, కిందనుంచి ఇద్దరు ఎత్తిస్తుంటే పైన ఇద్దరు ఒకదాని మీద ఒకటి పేర్చి నెట్టు కడతారు. టిక్కీ నలభై కిలోల పైమాటే.

పక్కపక్కనే రెండు లారీలు లోడవుతున్నాయి. మొదటి ముఠా మేస్త్రి పని మొదలు పెట్టేముందు అర నిమిషం మాట్లాడాడు. "అబ్బాయిలూ, ఇది ఎగుమతికి కాదు, కోల్డ్ స్టోరేజీకి. నాలుగు ఊళ్ల రైతుల సరుకు. నెలల తరబడి అక్కడే ఉంటది. చీటీ ఊడిందంటే కాయ ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు." ఆ మాటలు చెప్పి గుమాస్తా దగ్గరికి వెళ్లిపోయాడు. సగం లోడయ్యాక ఒక టిక్కీకి చీటీ లేదు. ఎత్తుతున్న కుర్రాడు ఎవరినీ పిలవలేదు. దాన్ని పక్కన నిలబెట్టి మిగతావి ఎక్కించాడు. ఆఖర్న కాటా పట్టీ తెచ్చి చూస్తే ఒక రైతువి నలభై రెండు ఉండాలి, లారీ మీద నలభై ఒకటి ఉన్నాయి. మిగతా లాట్లన్నీ సరిపోయాయి. కాబట్టి పక్కనున్నది ఆయనదే. పని ఆగింది రెండు నిమిషాలు.

రెండో ముఠాకి వచ్చిన మాట ఒక్కటే. "తొందరగా కానీండిరా, బండి కదలాలి." తొందరగానే చేశారు. రెండు లాట్లు కలిసిపోయాయని నెట్టు భుజం ఎత్తు దాటాక తెలిసింది. సగం లారీ దింపి మళ్లీ ఎక్కించారు. దింపేటప్పుడు కాళ్ల కింద పడి కాయ నలుగుతుంది, గింజ రాలుతుంది, ఆ మేరకు రైతుకి రేటు పడుతుంది. ఈ ముఠా వాళ్లేమీ బద్ధకస్తులు కారు, ఇంకా గట్టి ఒళ్లు వాళ్లవే. వేగం, జాగ్రత్త రెండూ పోట్లాడినప్పుడు దేన్ని గెలిపించాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పని ఎందుకన్నది నిజంగా అందిందో లేదో తెలుసుకోవడానికి ఆఖరి మనిషిని ఒక ప్రశ్న అడగాలి. "మేస్త్రి లేడు, ఇబ్బంది వచ్చింది, ఏది ఆపుతావు, ఏది ఆపవు?" తడుముకోకుండా చెప్తే అందినట్టు. గోడ మీద రాయించిన ఆశయాన్ని అప్పజెప్తే అందనట్టే.

గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా పెదనందిపాడు సుమారు ముప్ఫై కిలోమీటర్లు. రోడ్డుకి రెండువైపులా నల్లరేగడి. కోత అయిన పత్తి మోళ్లు, అక్కడక్కడ కల్లాల్లో ఆరబోసిన మిర్చి. ఈ నేల మీద 1921 చివర్లో పన్నుల నిరాకరణ మొదలైంది. నడిపింది పర్వతనేని వీరయ్య చౌదరి. ముందు గ్రామోద్యోగుల చేత రాజీనామాలు ఇప్పించారు. మునసబు, కరణం లేకపోతే ఎవరు ఎంత బాకీయో చెప్పే లెక్కా లేదు, వసూలు చేసే చెయ్యీ లేదు. ఆ తర్వాత శాంతిసేన. జప్తుకి వచ్చిన అధికారుల మీద చెయ్యెత్తకుండా జనాన్ని పట్టి ఉంచడం వాళ్ల పని. ఏ మెలిక ఎక్కడ విప్పాలో ఎరిగిన మనిషి వేసిన పథకం ఇది.

అయినా 1922 ఫిబ్రవరికల్లా ఆగిపోయింది. జనం అలిసిపోయి కాదు. శాసనోల్లంఘనకి ముందే షరతులున్నాయి. ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం పోవడం, అహింస. అవి నెరవేరాయా అని గుంటూరు నాయకుల్ని గాంధీ అడిగారు, నెరవేరకపోతే పన్ను కట్టించమన్నారు. పన్ను కట్టకపోవడం కంటికి కనపడుతుంది, వారంలో ఫలితం తెలుస్తుంది. మాలపల్లెతో పొత్తు అలా కనపడదు. అందుకే సాధనమే గమ్యమై కూర్చుంది. ఇందులో తప్పు ఎక్కువ పైవాళ్లదే అనిపిస్తుంది. కోటి, కోటి, ఇరవై లక్షలు అని బెజవాడలో అంత ఖచ్చితంగా చెప్పినవాళ్లు, ఈ షరతుల్ని ఏ ఊళ్లో ఎవరు ఎలా కొలవాలో చెప్పలేదు.

చీరాల సంగతి ఇంకో రకం. ఊరిని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరు ఖాళీ చేసి, మునిసిపల్ హద్దు బయట రామనగర్ గుడిసెల్లో దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. ఆయన్ని బరంపురంలో పట్టుకుని ఏడాది జైల్లో పెట్టాక పట్టు సడలింది. చేతిలో డబ్బూ లేదు, ఆయన చోట నిలబడే రెండో మనిషీ లేడు.

పెదనందిపాడులో కట్టించమని కబురొచ్చాక, నిన్నటిదాకా కట్టొద్దన్న మనుషులు ఏ మొహంతో అదే గడపకి వెళ్లారోనని సెంటర్లో టీ తాగుతూ అనుకున్నాం. వాళ్ల మాట విని ఎద్దుల్నీ గిన్నెల్నీ జప్తుకి వదులుకున్న ఇళ్లు అవి. గుంటూరు బస్సు వచ్చింది, సీట్లు లేవు, ప్రత్తిపాడు దాకా నిలబడే వెళ్లాం.