అమెరికా ఇంటి గోడ లోపల

అమెరికా ఇళ్ల గురించి మాట చెప్పేవారు సాధారణంగా వాటి విస్తీర్ణంతోనో, వంటగదితోనో, ఇంటి ముందరి పచ్చికతోనో మొదలుపెడతారు. నా దృష్టిలో ముందుగా చూడవలసింది గోడను. అక్కడి సామాన్య కుటుంబాలు నివసించే విడి ఇళ్లలో అత్యధిక భాగానికి బరువు మోసేది రాయీ కాదు, ఇటుకా కాదు. సన్నని కలప చట్రం. ఆ చట్రం మధ్య అంతా బోలు. ఇల్లు నెలల్లో లేవడం, గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవడం, ఇల్లు కొన్న ప్రతి కుటుంబం ఏదో ఒక గోడను పడగొట్టడమో కొత్తది నిలబెట్టడమో చేయగలగడం, ఇవన్నీ ఆ బోలుతనం నుంచే వచ్చాయి.

తొలినాటి వలసదారులు కట్టుకున్నవి ఇటువంటి గోడలు కావు. లావుపాటి ఓక్ నిట్రాళ్లనూ దూలాలనూ చెక్కి, కుసులను బెజ్జాల్లో దిగగొట్టి, ఊరి మనుషులందరూ కలిసి పైకెత్తే చట్రాలు అవి. మసాచుసెట్స్‌లోని డెడమ్‌లో 17వ శతాబ్దపు ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు ఆ పద్ధతికి సాక్ష్యంగా ఇప్పటికీ నిలిచి ఉంది. అటువంటి పనికి ఆరితేరిన వడ్రంగులు కావాలి, సమయం కావాలి. 1830లలో శరవేగంగా పెరుగుతున్న షికాగోకు ఆ రెండూ కరువే. అయితే కోత మిల్లుల నుంచి ఒకే కొలతకు కోసిన కలప వచ్చేది, యంత్రాలపై తయారైన మేకులు చవకగా దొరికేవి. సన్నని చెక్కలను దగ్గర దగ్గరగా నిలబెట్టి మేకులతో బిగిస్తే ఇద్దరు ముగ్గురు మనుషులే ఇల్లు లేపవచ్చునని అక్కడ తేలింది. బెలూన్ ఫ్రేమ్ అనే పేరు దానికే స్థిరపడింది. అందులో నిలువు చెక్కలు పునాది నుంచి రెండో అంతస్తు పైకప్పు దాకా ఏకంగా సాగేవి. కింద నిప్పంటుకుంటే గోడలోని ఖాళీ గుండా మంట నేరుగా పైకి పాకేది. అంత పొడవైన కలప దొరకడమూ క్రమంగా కష్టమైంది. ఈనాటి ప్లాట్‌ఫామ్ పద్ధతిలో ఒక అంతస్తు గోడలు నిలబెట్టి, వాటిపై నేల పరిచి, ఆ నేల మీద తరువాతి అంతస్తు గోడలు లేపుతారు. ప్రతి అంతస్తు దగ్గరా ఆ ఖాళీ మూసుకుపోతుంది.

అమెరికాలోని మా ఇంట్లో స్నానాల గది వెనుక పైపు కారినప్పుడు ప్లంబరు గోడను చిన్న రంపంతో నలుచదరంగా కోసి ఊడదీశాడు. నేను అప్పటిదాకా చదివినదంతా ఆ రంధ్రంలో కళ్లెదుట కనిపించింది. కోసి తీసిన ముక్క అర అంగుళం మందాన ఉన్న, జిప్సం అనే మెత్తని ఖనిజంతో చేసిన పలక, దానికి రెండు వైపులా దళసరి కాగితం. వెనుక ఒక చెక్క మధ్య నుంచి మరో చెక్క మధ్యకు సరిగ్గా 16 అంగుళాలు. ఆ చెక్కను టూ బై ఫోర్ అంటారు గానీ, ఆరబెట్టి చిత్రిక పట్టాక అది ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటుంది. చెక్కకు నడిమధ్యన తొలిచిన రంధ్రాల గుండా కరెంటు తీగలు వెళ్తున్నాయి. పైపు చెక్క అంచుకు దగ్గరగా వచ్చిన చోట చిన్న ఇనుప రేకు కొట్టి ఉంది, రేపు ఎవరైనా పటం తగిలించడానికి మర బిగిస్తే అది పైపులో దిగకుండా. పని ముగిశాక మరో పలక ముక్కను బిగించి, అతుకుల మీద కాగితపు టేపు వేసి, మడ్ అని పిలిచే తెల్లని ముద్దను పలుచగా పొర మీద పొరగా పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగు వేస్తే, అక్కడ కోత పడిందని ఇప్పుడు నాకే కనిపించదు.

గోడకు తొడిగే ఈ డ్రైవాల్ పలకను యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ 1916లో తెచ్చింది. అంతకుముందు సన్నని చెక్కబద్దలను వరుసగా కొట్టి, వాటి మీద ప్లాస్టర్‌ను పొరలు పొరలుగా పూసేవారు. ఒక పొర ఆరితే గాని మరొకటి వేయడానికి వీలుండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇళ్ల కొరత తీర్చే తొందరలో పలకదే పైచేయి అయింది. దానితో గది లోపలి రూపమే మారిపోయింది. పాత ఇళ్లలో గోడ పైకప్పును కలిసే చోట కనిపించే ప్లాస్టర్ వంపులు, చేత్తో తీర్చిన లతలు పోయి, చదునైన పలకలు లంబకోణంలో కలిసే పెట్టెల వంటి గదులు మిగిలాయి. నేల వెంబడి సాగే బేస్‌బోర్డులూ, తలుపుల చుట్టూ ఉండే చెక్క అంచులూ అలంకారంలా కనిపిస్తాయి. నిజానికి పలక నేలకూ ద్వారబంధానికీ పూర్తిగా తగలని చోట మిగిలే సందులను కప్పడం వాటి ముఖ్యమైన పని. వడ్రంగి పనితనం తెలుసుకోవాలంటే నేను ముందుగా ఆ అంచులు మూలల్లో ఎలా కలిశాయో చూస్తాను.

ఈ కప్పిపుచ్చడం ప్రసిద్ధ అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు నచ్చలేదు. విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్‌లో జేకబ్స్ కుటుంబానికి ఆయన రూపొందించిన ఇల్లు 1937లో సుమారు 5,500 డాలర్ల ఖర్చుతో పూర్తయింది. అందులో చాలా గోడలకు బోలు చట్రం లేదు. కలప పలకలను మూడు పొరలుగా కలిపి మరలతో బిగించారు. బయట కనిపించే కలపే లోపలా కనిపిస్తుంది, దానిపై ప్లాస్టరూ రంగూ లేవు. వేడి నీటి గొట్టాలు కాంక్రీటు నేల కింద ఉంటాయి. భోజనం చేసే చోటు హాలులోనే ఒక మూల, వంటగది దానికి ఆనుకునే ఉంటుంది. అమెరికా కుటుంబం వంటమనిషి లేకుండా బతకబోతున్నదనీ, వండేవారిని తలుపు వెనుక దాచకూడదనీ గుర్తించి గీసిన నమూనాగా నేను దాన్ని చూస్తాను. రైట్ కట్టిన భవంతుల కన్నా ఈ చిన్న ఇల్లే నాకు గొప్పదిగా తోస్తుంది.

కోట్ల మందికి చేరినది మాత్రం వేరే దారి. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ అనే ఇళ్ల కాలనీలో ఇళ్లు కదలకుండా ఉంటే పనివారి బృందాలు ఇంటి నుంచి ఇంటికి కదిలేవి, ఒక్కో బృందానిది ఒక్కో పని. నాలుగైదేళ్లలో 17,000కు పైగా ఇళ్లు లేచాయి. తొలి నమూనా 750 చదరపు అడుగులు, రెండు పడకగదులు, పూర్తి చేయకుండా వదిలిన అటక. కొన్నవారు ఆ అటకను గదిగా మార్చుకున్నారు, వెనుక గోడ కోసి ఇంటిని పొడిగించారు. ఈనాడు మొదటి రూపంలో మిగిలినవి అరుదు. ఇంత సులభంగా మార్చుకోగల ఆ ఇళ్లను నల్లజాతివారికి మాత్రం అమ్మలేదు, తొలి ఒప్పంద పత్రాల్లో ఆ నిషేధం రాసే ఉండేది. అమెరికా ఇంటి చరిత్రను ఈ సంగతి వదిలేసి చెప్పడం నాకు తప్పుగా తోస్తుంది. అదే కాలంలో కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ అనే ఇళ్ల నిర్మాత గాజు గోడలతో, పైకి కనిపించే దూలాలతో, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలితో దాదాపు 11,000 ఇళ్లు కట్టించి, జాతి చూడకుండా అమ్మాడు.

ఇంటి లోపల గదుల నడుమ గోడలు మాయం కావడానికి కారణం పైకప్పులో ఉంది. 1950ల నుంచి కర్మాగారాల్లో ఇనుప పళ్ల రేకులతో బిగించిన ట్రస్సులు, అంటే పైకప్పును మోసే త్రికోణపు కలప చట్రాలు, వాడుకలోకి వచ్చాయి. అవి ఒక బయటి గోడ నుంచి ఎదుటి బయటి గోడ వరకు ఏకంగా సాగుతాయి కనుక నడుమ గోడలు పైకప్పు బరువు మోయవలసిన అవసరం తప్పింది. కొత్త ఇంటి సగటు విస్తీర్ణం 1973లో 1,660 చదరపు అడుగులు ఉంటే 2015 నాటికి 2,600 దాటింది. పెరిగిన జాగాలో చాలా భాగం హాలూ, భోజనాల గదీ, వంటగదీ కలిసిపోయిన ఒకే పెద్ద చోటుగా మారింది. అక్కడ గోడ చేయవలసిన పనిని సామాను చేయాలి. సోఫా వీపు ఒక హద్దు, దాని కింది తివాచీ మరో హద్దు, వంటగది గట్టు పైన వేలాడే దీపాలు ఇంకో హద్దు. చూడడానికి విశాలంగానే ఉంటుంది. కాని పోపు పెడితే వాసన పడకగది దాకా పోతుంది. పొయ్యి మీద బిగించే మైక్రోవేవ్ ఫ్యాన్లు చాలా ఇళ్లలో పొగను బయటికి పంపవు, జల్లెడ గుండా తిప్పి మళ్లీ ఇంట్లోకే వదులుతాయి. ఒకరు టీవీ పెడితే మరొకరు చదువుకోలేరు. వంటగదికి ఒక్క తలుపైనా ఉన్న ఇంటినే నేను ఇష్టపడతాను.

బయటి నుంచి ఇటుక ఇల్లులా కనిపించేది కూడా ఎక్కువగా కలప ఇల్లే. చట్రానికి ఒక అంగుళం ఎడంగా ఒకే వరుస ఇటుక కడతారు; అది తన బరువు తప్ప ఇంకేమీ మోయదు. ఇటుక గుండా ఇంకిన వాననీరు ఆ ఎడంలో జారి, అడుగు వరుసలో అక్కడక్కడా వదిలిన చిన్న సందుల గుండా బయటికి పోతుంది. కట్టుబడిలో లోపమని భ్రమించి ఆ సందులను సిమెంటుతో పూడ్చేవారు ఉన్నారు. అలా చేస్తే లోపలి కలప కుళ్లుతుంది. ఈ ఇళ్లను అట్టపెట్టెలని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. పొడిగా ఉంచితే కలప తరతరాలు నిలుస్తుంది, దానికి శత్రువు నీరే. అందుకే అక్కడ ఇల్లు కొనదలచినవారు గ్రానైట్ గట్టును చూడడానికి ముందు, వాన వెలిసిన వెంటనే ఇంటి చుట్టూ ఒకసారి తిరగాలి. చూరు నీటి గొట్టాలు నీటిని గోడ మొదట్లోనే వదులుతున్నాయా, దూరంగా తీసుకుపోతున్నాయా గమనించాలి. నేల పునాది నుంచి మొదటి పది అడుగుల్లో కనీసం ఆరు అంగుళాలు దిగువకు వాలి ఉండాలని అక్కడి భవన నియమావళి చెబుతుంది. టేపు పట్టి దాన్ని కొలవడానికి పది నిమిషాలు చాలు.