ఫ్రిజ్ తలుపుకు కట్టిన టోర్నికెట్

మా ఫ్రిజ్ తలుపు మూడేళ్లుగా సరిగ్గా పడదు. అంచున ఉండే రబ్బరు చీలిపోయింది. రక్తం తీసేటప్పుడు చేతికి కడతామే, నీలం రంగు టోర్నికెట్, అది పాతబడి పారేస్తుంటే ఒకటి తెచ్చుకున్నాను. హ్యాండిల్‌కూ పక్కన కిటికీ ఊచకూ కలిపి కట్టాను. పాలు తీయాలంటే ముడి విప్పాలి. మా అత్తకు ఆ ముడి లొంగదు. అందుకని పొద్దున పాలు ఒకేసారి కాచేసి, సాయంత్రానికి విరిగితే నా వైపు ఒక చూపు చూస్తుంది. కొత్త ఫ్రిజ్‌కు డబ్బుల్లేక కాదు. "ఎట్లా పోతాం కదా, ఇప్పుడెందుకు?" అని.

ఈ 'ఎట్లా పోతాం కదా', అంటే ఇంగ్లండ్‌కు, మా ఇంట్లో 2022లో అడుగుపెట్టింది. కరివేపాకు మొక్క ఇంకా పెయింటు డబ్బాలోనే ఉంది, వేర్లు డబ్బా అడుగు చిల్లులోంచి బయటికొచ్చాయి. పాపను మంచి స్కూల్లో వేద్దామంటే అక్కడ అడ్మిషన్ ఫీజు వెనక్కివ్వరు, కాబట్టి ఉన్నచోటే టర్మ్ ఫీజు కట్టుకుంటూ వస్తున్నాం. మా ఆయన సెల్‌ఫోన్ల షాపుకు బోర్డు కూడా మార్పించలేదు.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పుట్టింది, పెరిగింది చిత్తూరు కట్టమంచిలో. 2022 జనవరిలో మాతో ఐసీయూలో పనిచేసిన సీనియర్ అక్క ఒకామె ఇంగ్లండ్ వెళ్లింది. నాకప్పుడు జీతం 19 వేలు. ఆ అక్క వెళ్లిన మూడో నెలలో వీడియో కాల్ చేసి, "ఇక్కడ ఒక్కరికి ఎనిమిది మంది పేషెంట్లు పడితే కంప్లైంట్ రాస్తారే" అంది. ఆ రాత్రి నా వార్డులో పద్దెనిమిది మంది ఉన్నారు. అంతే, మొదలైంది.

మొదట పాస్‌పోర్టు. అక్కడే నాకు పేరు లేదని తెలిసింది.

మా చిత్తూరు సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. మా వైపు చాలా ఇళ్లల్లో తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడతారు. అమ్మ వాళ్లది తమిళనాడులోని గుడియాత్తం. మాకు ఇంటిపేరంటూ లేదు, నాన్న పేరులో మొదటి అక్షరం ముందు పెట్టుకోవడమే. నా టెన్త్ సర్టిఫికెట్‌లో 'డి', ఒక చుక్క, ఆ తర్వాత నా పేరు. నర్సింగ్ డిగ్రీలోనూ అంతే. పెళ్లయ్యాక ఆధార్‌లో మా ఆయన వాళ్ల ఇంటిపేరు చేర్చాం. వాళ్లది నెల్లూరు, బారెడు ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంకో రకం. పాస్‌పోర్టు ఫారంలో ఇనీషియల్స్ పనికిరావు, పూర్తిగా విడమరచాలి. విడమరిస్తే 'డి' అంటే మా నాన్న. సర్‌నేమ్ కాలమ్‌లో నాన్న పేరు పడింది. అంటే ఇంగ్లండ్‌లో నన్ను మా నాన్న పేరుతో పిలుస్తారన్నమాట. ఆయనకు చెబితే, "నేనెట్లా ఫ్లైట్ ఎక్కలేదు, నా పేరన్నా ఎక్కనీ" అన్నాడు.

సర్‌నేమ్ ఖాళీగా వదిలేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. ఒంటి పేరుతో ఉంటే అమెరికా వీసాలో పేరుండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, పేరు తెలియదు అని అర్థం. దుబాయ్ వాళ్లయితే 2022 నవంబరు నుంచి ఒంటి పేరుతో ఉన్న పాస్‌పోర్టుకు విజిట్ వీసానే లేదన్నారు. మన దగ్గర ఒంటి పేరుతో ఎంతమంది తాతలు బతికిపోయారో!

నా పేరొక్కటే కదిలితే ఏదో సర్దుకునేదాన్ని. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. మేమున్న అద్దె ఇల్లు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది, మేం మాత్రం మంచం కూడా జరపలేదు. నేను చదివింది ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద. డిగ్రీ మీద ఆ పేరే. ఆ ఏడాదే దాన్ని వైఎస్సార్ విశ్వవిద్యాలయం చేశారు. ఐర్లాండ్‌కైనా పనికొస్తుందని నేను ట్రాన్స్‌క్రిప్ట్‌లకు అప్లై చేసేనాటికి కొత్త పేరు. 2024లో ప్రభుత్వం మారి మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఇవి రెండు యూనివర్సిటీలు కావని విదేశాల్లో ఉన్నవాళ్లకు వివరిస్తూ నేనొక లెటర్ రాసుకున్నాను. ఆ లెటర్ చూసి మా ఆయన, "దీన్ని చూస్తే నాకే అనుమానంగా ఉంది" అన్నాడు.

కోర్టు దగ్గర నోటరీ వకీలు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు: ఫలానా, ఫలానా, ఫలానా అని మూడు రకాలుగా పిలవబడే వ్యక్తి నేనే అని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. సంతకం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏ సంతకం పెట్టాలి? "పాస్‌పోర్టులో పెట్టింది పెట్టమ్మా" అన్నాడాయన, ఇలాంటివాళ్లను రోజూ చూస్తాడు కాబోలు.

పరీక్ష సంగతి. ఇంగ్లండ్ వెళ్లే నర్సులకు ఓఈటీ అని ఇంగ్లీషు పరీక్ష ఉంది. వినడం, చదవడం, మాట్లాడటంలో 350 రావాలి, రాయడంలో 300 చాలు. అప్పట్లో ఫీజు 587 ఆస్ట్రేలియా డాలర్లు, మన డబ్బుల్లో 30 వేలు దాటింది. నా ఒకటిన్నర నెల జీతం. 2023 ఫిబ్రవరిలో తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై వెళ్లి రాశాను. రాయడం అంటే ఒక రోగిని ఇంకో చోటికి పంపుతూ లెటర్ రాయాలి, 200 పదాల లోపు. డ్యూటీలో రోజూ చేసే పనే, కానీ నేను రోగి చరిత్రంతా రాసేశాను, పాపం ఆయన పెళ్లాం పోయిన సంగతితో సహా. 290 వచ్చింది. పది తక్కువ. ఏడాది లోపు రెండుసార్ల మార్కులు కలుపుకోవచ్చు కాబట్టి ఆగస్టులో మళ్లీ వెళ్లాను. ఈసారి పెళ్లాం సంగతి తీసేశాను. 330.

తర్వాత అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే కంప్యూటర్ పరీక్ష పాసయ్యాను. 2024 జూన్‌లో అక్కడి ఆసుపత్రి వాళ్లతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. వంటింట్లో తెల్లగోడ ఒక్కటే ఉంది, దాని ముందు కూర్చున్నా. ఫ్రిజ్ కనపడకుండా మా ఆయన దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు, నలభై నిమిషాలు. ఆఫర్ వచ్చింది. ఆ నర్సింగ్ కౌన్సిల్ నుంచి లెటర్ వస్తే చాలు, వీసాకు స్పాన్సర్‌షిప్ ఇస్తామన్నారు. ఆ లెటర్ రావాలంటే ఇక్కడి నుంచి ఒక ఆఫీసు నా రిజిస్ట్రేషన్ నిజమేనని చెప్పాలి. ఆ ఆఫీసు రికార్డులో 'డి' చుక్క. నా పాస్‌పోర్టులో నాన్న.

ఎనిమిది నెలలు. ఎన్నిసార్లు తిరిగానో రాస్తే నాకే నీరసం వస్తుంది, వదిలేస్తాను. పేరు సరిచేసిన కాగితం 2025 మార్చిలో చేతికొచ్చింది. ఓఈటీ మార్కులకు ఆయుష్షు రెండేళ్లు. నా మొదటి పరీక్ష మార్కులు ఫిబ్రవరిలో చచ్చిపోయాయి.

ఆ తర్వాత ఏప్రిల్‌లో అటునుంచి మెయిల్: బడ్జెట్ కారణంగా విదేశీ నియామకాలు ప్రస్తుతానికి ఆపేశాం, మీకు శుభం కలగాలి. మేలో, 12వ తేదీన, బ్రిటన్ ప్రభుత్వం వలసల మీద శ్వేతపత్రం పెట్టింది. స్థిర నివాసానికి ఐదేళ్లు కాదు, మామూలుగా పదేళ్లు ఉండాలన్న ప్రతిపాదన అందులో ఉంది. మా సీనియర్ అక్క ఆ రాత్రి ఫోన్ చేసింది. ఆమెకు 2027 జనవరికి ఐదేళ్లు నిండుతాయి. క్యాలెండర్‌లో టిక్కులు పెట్టుకుంటోంది. "ఇప్పటికే ఉన్నోళ్లకు కూడానా? ఎవరూ సరిగ్గా చెప్పడంలే" అంది. వాళ్ల వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ లేవు' అని ఉంటుంది. బిడ్డకు స్కూలు ఉచితమే, ఆసుపత్రీ ఉచితమే, కానీ అక్కడి పిల్లల భత్యం లాంటివి ముట్టుకోకూడదు. పన్ను మాత్రం అందరితో సమానంగా కడుతుంది. వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. ఎంతమంది కావాలో తేల్చుకునే హక్కు వాళ్లది, దాన్ని నేను కాదనను. బస్సెక్కించుకుని సగం దూరం పోయాక టికెట్ రేటు మారుస్తామంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

నాకన్నా ఘోరం మా చిన్నమ్మ కొడుకుది. బీకామ్ చదివాడు. బ్రిటన్‌లో ముసలివాళ్లను చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగమని 2023లో ఒక ఏజెంటుకు 14 లక్షలు కట్టాడు. మన చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకోవచ్చు. ఆ మాట నేను అప్పుడు చెప్పలేదు, నాకే తెలియదు. టెన్త్ పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు, చదువుకున్నవాడు జాగ్రత్తగా ఉంటాడని కాబోలు. వాడు వెళ్లిన పది నెలలకు ఆ కంపెనీకి బయటి దేశాల వాళ్లను పనికి తెచ్చుకునే స్పాన్సర్ లైసెన్సు పోయింది. ఇంకో ఉద్యోగం వెతుక్కో, లేదా వెళ్లిపో, 60 రోజులు. దొరకలేదు. 2025 జూలై 22 నుంచి ఆ కేర్ వర్కర్ దారినే విదేశాల వాళ్లకు మూసేశారు. చిన్నమ్మ ఆ డబ్బు కోసం మామిడితోట తాకట్టు పెట్టింది. వాడు తిరిగొచ్చి తోట మీద కాయ అమ్ముకుని వడ్డీ కడదామంటే, ఆ 2025లోనే తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన ఫొటోలు మీరూ పేపర్లో చూసి ఉంటారు. అందులో ఒకటి మావాడిది.

కట్టమంచికి పోతే ఒకటే ప్రశ్న. "ఏం మేయ్, ఎప్పుడు పోతా ఉండావు?" మొదట్లో "రెండు నెల్లల్లో" అనేదాన్ని. తర్వాత "ప్రాసెస్‌లో ఉంది" అన్నాను. ఇప్పుడు ఊరిబిండి నూరుతున్న పక్కింటి పెద్దమ్మే అందరికీ జవాబు చెప్పేస్తుంది: "ఆ యమ్మి యాడికీ పోదులే, పేరు దొరకలేదంట."

పోయిన నెల ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తే మా అత్త ఫ్రిజ్ ముందు పీట వేసుకుని కూర్చుంది. ముడి విప్పబోయి టోర్నికెట్ తెంపేసింది. తలుపు తెరుచుకుని ఉంది, లోపల లైటు వెలుగుతోంది, ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. చెప్పులు విప్పకుండానే మా ఆయనకు ఫోన్ చేసి షాపు మూసి రమ్మన్నాను.

తిలక్ రోడ్డులో షోరూమ్. రెండు తలుపులది, 12 నెలల ఈఎంఐ. పన్నెండు అనగానే మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. పన్నెండు నెలలు ఇక్కడే ఉంటామని మేం సంతకం పెట్టి ఎన్నాళ్లయిందో. నేను తలూపాను. కుర్రాడు ఫోన్‌లో ఫారం తెరిచి అడిగాడు:

"మేడం, పేరు ఎట్లా రాయమంటారు? ఆధార్‌లో ఉన్నట్టా, పాన్‌లో ఉన్నట్టా?"

మా ఆయన పక్కకు తిరిగి వాషింగ్ మెషీన్లు చూడటం మొదలుపెట్టాడు, భుజాలు ఊగుతున్నాయి.

"పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయి" అన్నాను.

"అది అక్కర్లేదు మేడం" అన్నాడు కుర్రాడు.