స్పార్కు ఎక్కడ ఆగింది?

ఆదివారం, రాత్రి

పొద్దున్న అనుకున్నది వేరు. ముక్కామల వెళ్లి మేనత్తను చూడాలి, దారిలో అంబాజీపేటలో ఆగి కొబ్బరి ధర కనుక్కోవాలి, భోజనం వేళకు అత్తయ్య ఇంట్లో ఉండాలి. తొమ్మిదింటికి తాళం తిప్పాను. సెల్ఫ్ హుషారుగా తిరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పినా అదే వరస. ఒంటిగంట దాకా బానెట్ కిందే గడిచిపోయింది.

కారు నాన్నగారి పెట్రోలు అంబాసిడర్. 1489 సీసీ ఇంజను, స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరులో, కరెంటును కలిపి విడదీసే పాయింట్లు ఉండే పాత పద్ధతి. గోదావరికి వరదలు వచ్చిన రోజుల నుంచీ షెడ్డులోనే ఉంది. మా ఊరు ఏటిగట్టుకు లోపలి వైపు కాబట్టి వరద నీరు రాలేదు. కానీ గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ సీమలో వరద రాకపోయినా తడి మాత్రం వస్తుంది. దౌళేశ్వరంలో కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. నాటి నుంచి పంట కాలువలు, బోదెలు, సార్వా చేలలో నిలిచిన నీళ్లు, వాటి పక్కనే ఎండ చొరని కొబ్బరి తోటలు. మాకు అన్నం పెట్టేది ఈ నీళ్లే గనుక ఫిర్యాదు చేయకూడదు. అయినా ఈ రోజుల్లో బీరువాలోని తోలు బెల్టుకు బూజు పడుతుంది, తలుపులు ఉబ్బి గడపను పట్టేస్తాయి. ఇక ఇనుము సంగతి చెప్పాలా?

కదలని కారు చుట్టూ మనుషులు చేరడానికి మా వీధిలో ఎంతోసేపు పట్టదు. పక్కింటి బాబాయి అరుగు మీద నుంచే "కాయిల్ పోయిందిరా" అని, అంటే బ్యాటరీ కరెంటును స్పార్కుకు కావలసిన వేల వోల్టులకు పెంచే తీగ చుట్ట పోయిందని, తేల్చేశారు. రొయ్యల చెరువుకు మేత బస్తాలు తీసుకెళ్తున్న కుర్రవాడు బండి ఆపి, పెట్రోలులో నీళ్లు కలిశాయన్నాడు. ఇంకొకాయన "అదే డీజిలు బండి అయితే స్పార్కు గొడవే ఉండదు" అన్నారు. మాట నిజమే. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాకపోతే ఎదురుగా ఉన్న కారుకు పనికివచ్చే నిజం కాదది.

కాయిలే అయినా కావచ్చు. అనుమానం వచ్చిన ప్రతి సామానూ కొని మార్చుకుంటూ పోవడం మాత్రం నాకు నచ్చదు. ఖర్చు సంగతి అటుంచి, చివరికి బండి కదిలినా ఏది పాడైందో తెలియదు. పైగా దసరా సెలవులకు వచ్చిన అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, దాని ముందు గుడ్డిగా సామాను మార్చడం ఏం బాగుంటుంది?

ఒక ప్లగ్గు విప్పి చూశాను. తడిగా ఉంది, గుప్పున పెట్రోలు వాసన. ఇంధనం వస్తున్నట్టే. దాన్ని తిరిగి బిగించి, డబ్బాలో ఉన్న పాత ప్లగ్గును తీగకు తగిలించి ఇంజను లోహానికి ఆనించాను. ప్లగ్గు విప్పిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దాని పక్కన స్పార్కు పుట్టించడం ప్రమాదం. అందుకే ఈ జాగ్రత్త. అమ్మాయి తాళం తిప్పింది. ఏమీ లేదు. తర్వాత కాయిల్ నుంచి వచ్చే నడిమి తీగను డిస్ట్రిబ్యూటరు క్యాపులోంచి ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొనను లోహానికి కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో ఉంచాను. అక్కడా లేదు. దీంతో క్యాపు, దాని లోపల తిరుగుతూ స్పార్కును పంచే రోటరు, నాలుగు ప్లగ్గు తీగలు అనుమానితుల జాబితాలోంచి బయటపడ్డాయి. వాటిదాకా కరెంటు చేరనే లేదు మరి.

ఇక 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు తీశాను. ఒక తీగ బాడీకి, రెండోది కాయిల్‌కు తాళం వైపు నుంచి కరెంటు వచ్చే చోట. వెలిగింది. రెండో తీగను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్లే చోటికి మార్చాను. అక్కడా వెలిగింది. అంటే కాయిల్ లోపలి మొదటి చుట్ట తెగలేదు. అప్పుడు అమ్మాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజను గిర్రున తిరుగుతోంది, బల్బు మాత్రం రెప్ప వేయకుండా వెలుగుతూనే ఉంది.

రావులపాలెంలో ఒకప్పుడు టాక్సీలు బాగుచేసిన మేస్త్రికి ఫోను చేశాను. ఆయన అడిగింది ఒకటే మాట.

"ల్యాంపు ఆరి వెలుగుతోందా బాబూ?"

"లేదు మేస్త్రి గారూ, వెలుగుతూనే ఉంది."

"అయితే కాయిల్ జోలికి పోకండి. మీ పాయింట్లు మూసుకున్నట్టు కనపడతాయి గానీ మూసుకోవడం లేదు."

అమ్మాయికి ఇది నమ్మశక్యంగా లేదు. కూర్చుని చెప్పాల్సి వచ్చింది. పాయింట్లు కలిసినప్పుడు కాయిల్ గుండా కరెంటు పారి బాడీలోకి పోతుంది, బల్బు ఆరుతుంది. డిస్ట్రిబ్యూటరులో తిరిగే మిట్టల ఇరుసు, అంటే కామ్, పాయింట్లను విడదీయగానే ఆ ప్రవాహం తెగుతుంది. కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, వేల చుట్లున్న రెండో తీగలో వేల వోల్టులు పుట్టిస్తుంది. కరెంటు ఆగిన క్షణంలోనే స్పార్కు పుడుతుంది, పారుతున్నప్పుడు కాదు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు ఇలా 100 సార్లు జరగాలి. బల్బు ఆరకుండా వెలుగుతోందంటే పాయింట్లు ఎప్పుడూ కలవడం లేదన్నమాట. అసలు వెలగకుండా ఉండిపోయి ఉంటే కథ తిరగబడేది. అప్పుడు లోపలి సన్న తీగ బాడీకి తగులుతోందనో, పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా చూసే కండెన్సర్ షార్ట్ అయిందనో వెతకాలి.

క్యాపు తీసి చూస్తే పాయింట్లు చక్కగా ఆనుకునే ఉన్నాయి. వాటి ముఖాల మీద బూడిద రంగు పొర పట్టింది. చూపుకు పట్టీపట్టని ఆ పొరను 12 వోల్టులు దాటలేవు. తాళం తిప్పి ఉంచి, స్క్రూడ్రైవరు మొనతో కదిలే పాయింటును బాడీకి కలిపాను. బల్బు ఆరింది. మొన తీయగానే కాయిల్ తీగ చివర నీలంగా చిటుక్కుమంది! అమ్మాయి "ఇంకోసారి" అంది. అవసరం లేకపోయినా చేసి చూపించాను. ఒక్క స్క్రూడ్రైవరుతో కాయిల్, కండెన్సర్ రెండూ నిర్దోషులని తేలిపోయాయి.

బాగుచేయడం పెద్ద పనేమీ కాదు. సన్నని ఉప్పుకాగితాన్ని మడిచి పాయింట్ల మధ్య లాగాను, పెట్రోలు అద్దిన గుడ్డతో పొడిని తుడిచాను. సందు సరిచేసే పని అమ్మాయి తీసుకుంది. కామ్ మిట్ట మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.38 మిల్లీమీటర్లు, మేస్త్రీల లెక్కలో 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. గేజి బిగువుగా జారే చోట స్క్రూ బిగిస్తే, ఆ బిగింపుకే సందు మారిపోతుంది. తిట్టుకుంటూ విప్పింది, మళ్లీ బిగించింది, నన్ను చేయి పెట్టనివ్వలేదు. కామ్ మీద చిటికెడు గ్రీజు కూడా రాయించాను. అది లేకపోతే కామ్‌కు రాసుకునే పాయింటు మడమ అరిగి సందు మూసుకుపోతుంది.

ఈసారి బల్బు రెపరెపలాడింది. ఇంజను మాత్రం వెంటనే అందుకోలేదు. అంతసేపూ సెల్ఫ్ కొట్టడంతో ప్లగ్గులన్నీ పెట్రోలులో నానాయి. విప్పి, ఎండలో ఆరబెట్టి, బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొడితే నల్లటి పొగతో వీధంతా దగ్గించి లేచింది.

ముక్కామల చేరేసరికి మూడైంది. అత్తయ్య అన్నం పెట్టింది గానీ అమ్మాయితో తప్ప మాట్లాడలేదు. కొబ్బరి ధర సంగతి రేపటికి వాయిదా. రావులపాలెంలో కొత్త పాయింట్ల సెట్టు, ఒక కండెన్సర్ దొరుకుతాయేమో చూడాలి. రుద్దిన పాయింట్లు ఎన్నాళ్లో నిలవవు. సాయంత్రం ఇంటికి రాగానే బాబాయికి జరిగిందంతా చెప్పాను. ఓపికగా విని, "సరేరా, ఎలాగూ వెళ్తున్నావు కదా, ఒక కాయిల్ కూడా తెచ్చి ఉంచుకో" అన్నారు.